బిడ్డల నడవడి – కుటుంబమునకు ఆరోగ్యబోధ
(సూరతులో మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఏదేని సాహిత్యవిషయముపై ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. బి.ఏ.లో తెలుగును, చరిత్రను చదివినవాడనగుటచే వారట్లు కోరుట సహజమే. కాని గత సంవత్సరమున్నరగా నా మనస్సును పట్టి యుంచిన విషయము వేరొకటి. బిడ్డల ప్రవర్తనలో కలుగు దోషములను గూర్చి నర్సులు చేయుచున్న పరిశోధన, దానిని ఆధారముగా గొని కుటుంబములకు చేయవలసిన ఆరోగ్యబోధ – ఇదియే నేటి నా విషయము. నేను వైద్యుడను కాను. ఇరువది సంవత్సరములు సచివాలయమున ఫైళ్లు వ్రాసినవాడను. ఈ విషయమున నాకు గల అధికారము ఒక తండ్రికి గల అధికారము మాత్రమే. అదియును తప్పు చేసిన తండ్రికి గలది.

జరిగిన సంగతి ముందుగా మనవి చేసెదను. డెప్యుటేషనుపై ఢిల్లీనుండి ఈ ఊరు వచ్చునప్పటికి మా అబ్బాయికి ఏడేండ్లు. మూడవయేటనే పక్క తడుపుట మానినవాడు, ఇచటికి వచ్చిన రెండవ మాసమున మరల ఆరంభించెను. మొదట వారమునకొకసారి, పిదప మూడుసార్లు, పిదప ప్రతిరాత్రియు. తొలుత నవ్వితిమి. తరువాత నాకు కోపము వచ్చెను. ఒకనాడు తడిసిన దుప్పటిని వానిచేతనే మోయించి, చెల్లెలు చూచుచుండగా డాబామీద ఆరవేయించితిని. సిగ్గు కలిగినచో మానునని నా తలంపు. మా అమ్మగారు దిష్టి తీసి మెడలో తాయెత్తు కట్టిరి. నా భార్య ఏమియు అనక దుప్పట్లు ఉతుకుచుండెను. కొన్నాళ్లకు నేనొకటి గమనించితిని. ఉదయము మెలకువ రాగానే వాడు కన్నులు తెరువకమునుపే చేతితో పక్కను తడిమి చూచుకొనెడివాడు. పొడిగా నున్న దినమున లేచెడివాడు. తడిగా నున్న దినమున నిద్ర నటించెడివాడు.

ఒక ఆసుపత్రికి తీసికొని పోతిమి. రెండు నిమిషములలో మాత్రలు వ్రాసి యిచ్చి, పెద్దవాడైనచో అదే పోవునని చెప్పి పంపిరి. మమ్ములను గాని, వానిని గాని ఒక్క ప్రశ్నయైన అడుగలేదు.

అటుపిమ్మట, చిన్నదానికి అయిదేండ్లు నిండినప్పుడు వేయించవలసిన టీకాకై ఆరోగ్యకేంద్రమునకు పోయినపుడు, నా భార్య అచటి నర్సుతో మాటవరుసగా ఈ సంగతి చెప్పినది. ఆమె గుజరాతీ సోదరి. చేతిలోని పని ముగించుకొని వచ్చి మమ్ములను ఒక బల్లమీద కూర్చుండబెట్టి హిందీలో వరుసగా అడిగెను. ఎప్పటినుండి? దానికి ముందు ఎన్ని నెలలు పొడిగా నుండెను? ఆ రోజులలో మీ ఇంట ఏమి మారినది? మలబద్ధము కలదా? పగలు బడిలో మూత్రమునకు పోవుచున్నాడా? తుదకు – తెల్లవారి తడిసిన పక్కను చూచి మొదట మాటలాడువారెవరు, ఏమని అందురు?

ఆ తుది ప్రశ్నకు నేను సమాధానము చెప్పలేదు. నా భార్యయు చెప్పలేదు. ఆమెకు అర్థమైనదనుకొందును, మరల అడుగలేదు.

ఆరు నెలలైనను పొడిగా నుండిన బిడ్డ తిరిగి పక్క తడుపనారంభించినచో, మూత్రములో దోషము గాని, చక్కెరవ్యాధి గాని లేదని ముందుగా రూఢి చేసికొనవలెనట. అట్లే పరీక్ష చేయించినది, దోషమేదియు లేదు. తరువాత ఒకనాటి సాయంకాలము మా ఇంటికే వచ్చెను. మాతో గాక వానితో వసారాలో కూర్చుండి అరగంట మాటలాడినది. బయటపడిన సంగతి ఇంతే: బడిలో మరుగుదొడ్డి తలుపునకు గడియ పడదు. ఒకనాడు పెద్దపిల్లలు తలుపు త్రోసి నవ్విరి. ఆనాటినుండి వాడు బడిలో నీరు త్రాగుట మానెను, మూత్రమునకు పోవుటయు మానెను. ఇంటికి వచ్చి దినమంతటి దప్పిని సాయంకాలము తీర్చుకొనుచుండెను. వాని తరగతి ఉపాధ్యాయిని పేరు నాకు తెలియును, మార్కులు తెలియును. గడియ సంగతి తెలియదు.

ఆమె చెప్పిన చికిత్స ఒక కాగితమున సగము నిండదు. ఉదయమునుండియే నీరు త్రాగించుట, వేళకు మూత్రమునకు పంపుట, మలబద్ధము లేకుండ చూచుట, పడుకొనుటకు ముందు మరల పంపుట. తడిసిన దుప్పటిని తండ్రి కొడుకులిద్దరును కలిసి, మాటలాడక మార్చుట – అది శిక్షగా కాక, పనిగా. గడియ సంగతి నేను పోయి చెప్పవలెను. దిష్టి విషయమున ఆమె మా అమ్మగారితో వాదింపలేదు. "తీయండి మాజీ, కాని వాడు నిద్రపోయిన తరువాత తీయండి. తనకేదో పట్టినదని వాడు అనుకోకూడదు" అనెను. మా అమ్మగారు ఆ మాటకు ఎదురుచెప్పలేదు. నాలుగు మాసములలో చాలవరకు తగ్గినది. జ్వరము వచ్చినప్పుడు ఇప్పటికిని ఒక్కొక్కసారి కలదు. అయిదేండ్ల పిల్లలలో నూటికి ఇంచుమించు 15 మందికి ఈ అలవాటు ఉండుననియు, వారిలో ఏటేట ఏడవవంతు మంది తమంతట తామే మానుదురనియు ఆమె చెప్పిన తరువాతనే నాకు తెలిసినది. అంతవరకు నా కొడుకొక్కడే నా పరువు తీయుటకు పుట్టినాడని నేననుకొంటిని.

ఈ నర్సు సెలవు పెట్టుకొని ఎం.ఎస్సీ. నర్సింగు పూర్తిచేయుచుండెనని తరువాత తెలిసెను. ఆమె సిద్ధాంతవ్యాసమునకు విషయము, బిడ్డల ప్రవర్తనదోషములను గూర్చి తల్లులకు బోధించుట. నర్సు అనగా సూది వేయునది, జ్వరము చూచునది యని మనలో చాలమంది తలంతురు. కాని నర్సులకు తమదియైన పరిశోధన ఒకటి కలదు. బెంగుళూరులో 1954లో అఖిలభారత మానసికారోగ్య సంస్థ ఏర్పడినది. అదియే 1974లో అచటి మానసిక చికిత్సాలయముతో కలిసి నిమ్‌హాన్స్ అయినది. మానసిక రోగులకు సేవ చేయు నర్సులకు ప్రత్యేకశిక్షణ ఆ 1950లనాడే అచట ఆరంభమైనది. అంతకు పూర్వమే, 1937లో, బొంబాయిలో టాటావారి సంఘసేవా విద్యాలయమున బిడ్డల మార్గదర్శక కేంద్రము వెలసినది. మనమున్న ఈ గుజరాతు సంగతియే చూడుడు. వకీలు వృత్తి విడిచిపెట్టి, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించిన గిజుభాయి బధేకాను ఇచటివారు 'మీసములున్న తల్లి' యని నేటికిని ప్రేమతో పిలుతురు. ఆయన వ్రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల' పేర వచ్చినది. కొట్టక తిట్టక బిడ్డను తెలిసికొనవచ్చునని తల్లిదండ్రులకు చెప్పుటకు ఆయన తన జీవితమునే వెచ్చించెను.

ఇక ఆ పరిశోధన పద్ధతి ఎట్టిదనగా: ఒక పేటలో యాభై అరవైమంది తల్లులను ఎన్నుకొందురు. ప్రశ్నావళి నిచ్చి వారి జ్ఞానమును కొలుతురు. పిదప బొమ్మలు, పటములతో ముప్పావుగంట బోధింతురు. వారము గడచిన తరువాత అదే ప్రశ్నావళిని మరల ఇత్తురు. మార్కులు పెరిగినచో బోధ ఫలించినట్లు. దేశమందలి నర్సింగు కళాశాలలలో ఈ వరుసను ఏటేట ఎన్నియో వ్యాసములు వెలువడుచున్నవి; దాదాపు అన్నిటను మార్కులు పెరుగును. పెరుగకుండునా? నిన్న చెప్పిన పాఠమును నేడు అడిగినచో ఎవరైనను చెప్పుదురు. మన కార్యాలయములలో సర్క్యులరు పంపి, చేరినదని సంతకము గైకొని, పని జరిగినదని ఫైలు మూసివేయుట వంటిదే ఇదియు. నేనీ మాటను వారిని హేళన చేయుటకు అనుటలేదు. ఆ విద్యార్థినులకు గల కాలము కొలది మాసములు, ధనము సొంతము. నేను చెప్పదలచినది, తల్లి మార్కులు పెరిగిన తరువాత బిడ్డకు ఏమైనదో చూచువారు అరుదని.

నా పాత్ర ఇచట ఆరంభమగును. సూరతులో లింబాయత్ ప్రాంతమున మన తెలుగువారు, అందు ముఖ్యముగా తెలంగాణమునుండి మగ్గముల పనికై వచ్చిన పద్మశాలీలు వేలకొలది కలరు. వారి బిడ్డల కొరకు ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడుపుచున్నది. ఆ తల్లులను కూడ తన పరిశోధనలో చేర్చుకొనవలెనని నర్సు సంకల్పించి, ప్రశ్నావళిని తెలుగు చేయుటకు నా సాయము కోరెను. ఋణము తీర్చుకొను అవకాశము దొరికినదని సంతోషించితిని. మూడు రాత్రులు కూర్చుండి, నిఘంటువులు తిరుగవేసి, నిర్దుష్టమైన తెలుగు వ్రాసితిని. అట్టి అనువాదమును మరియొకరిచేత తిరిగి ఇంగ్లీషులోనికి మార్పించి మూలముతో సరిచూచుట వారి నియమము. అట్లు చూచినపుడు అక్షరము పొల్లుపోలేదు. నాకెంతయో గర్వము కలిగెను.

ఒక ఆదివారము ఆమెతో కూడ లింబాయత్ పోతిని. ఒకే గది. గుమ్మమున ఒక తల్లి చీరలకు దారములు కత్తిరించుచున్నది. లోపల రాత్రి షిఫ్టు దిగి వచ్చిన భర్త నిద్రించుచున్నాడు. మూడున్నరయేండ్ల పిల్లవాడు గోడవైపు తిరిగి కూర్చుండియున్నాడు. నేను చదివితిని: "మీ బిడ్డయందు అఖాద్యభక్షణ ప్రవృత్తి కలదా?"

"లేదు సార్" అనినది ఆమె వినయముగా.

"అతిచంచలత్వము?"

"లేదు సార్."

నర్సు నా మోచేతిని తాకి గోడను చూపెను. పిల్లవాడు గోటితో సున్నము గీకి నోట వేసికొనుచున్నాడు. అపుడు నేను కాగితము మడిచి, "మన్ను గిన్ను తింటాడా అమ్మా?" అంటిని.

"తింటడు సార్! మన్ను తింటడు, గోడ గీకి తింటడు. ఎంత కొట్టినా ఇనడు. ఒక్కకాడ కూసోడు. బాగ సతాయిస్తడు" అని ఆమె పావుగంట చెప్పినది. నర్సు అడుగదలచిన ముప్పది ప్రశ్నలలో ఇంచుమించు ఇరువదింటికి ఆ పావుగంటలో సమాధానము దొరికినది. నా నిర్దుష్టమైన తెలుగు ఇంగ్లీషులోనికి క్షేమముగా తిరిగిపోగలిగినది గాని, ఆ గుమ్మము దాటలేకపోయినది.

ఆ కాగితము ప్రకారము ఆ బిడ్డకు ఏ దోషమును లేనట్లే లెక్కకు వచ్చియుండెడిది. మన్ను తినుట పొగరు కాదు; రక్తమున ఇనుము తక్కువైన బిడ్డలలో ఇది తరచు కనబడును. మన్ను తినుటచే కడుపులో పురుగులు చేరి రక్తము ఇంకను క్షీణించును. పాతగోడల రంగులో సీసమున్నచో అది మెదడునకే కీడు. కొట్టినచో ఇనుము పెరుగదు. రక్తపరీక్ష చేయించిరి; అనుకొన్నట్లే రక్తహీనత. ఇనుము మందు, పురుగుల మందు ఇచ్చిరి. రెండు నెలల పిదప మరల పోయినపుడు వాడు గోడ గీకుట తగ్గించెను. ఒక్కచోట కూర్చుండుట మాత్రము ఇంకను నేర్వలేదు. మూడున్నరయేండ్లవాడు ఏల కూర్చుండవలె నని నర్సు నవ్వినది.

ఆ ఇంటనే మరియొక సంగతి చూచితిని. తండ్రి పండ్రెండు గంటలు మగ్గములమీద నిలిచి వచ్చి పగలు నిద్రించును. బిడ్డ శబ్దము చేయరాదు. కావున తల్లి చేతికి సెల్‌ఫోను ఇచ్చును. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల బిడ్డలు దినమునకు ఒక గంటకు మించి తెరను చూడరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది. ఆ మాట విని ఆ తల్లి, "మరి పండుకున్నోడు లేస్తే?" అని యడిగెను. బోధపటములో ఈ ప్రశ్నకు సమాధానము లేదు. నర్సు ఆలోచించి, వీథి చివర నున్న అంగన్‌వాడీకి ఉదయపువేళ పిల్లవానిని పంపు ఏర్పాటు చేసి వచ్చెను. కుటుంబమునకు ఆరోగ్యబోధ యనగా నేనిదియే యనుకొందును – ఆ ఇంటి గడియారమునకు తగిన మాట చెప్పుట.

ఇట్లు ఇంటికి పోయి చేసిన బోధ ఎంతకాలము నిలుచునో కొలిచినవారు లేకపోలేదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి ఎల్మైరా పట్టణ ప్రాంతమున 1978లో డేవిడ్ ఓల్డ్స్ అను ఆయన 400 మంది గర్భిణులతో ఒక పరిశోధన ఆరంభించెను. కొందరి ఇండ్లకు, బిడ్డకు రెండేండ్లు నిండువరకు, నర్సులు పోవుచు వచ్చిరి. వారము తరువాత మార్కులు చూచి ముగింపలేదు. బిడ్డలకు పదునైదేండ్లు వచ్చిన పిదప మరల వెదకి చూచిరి. నర్సులు పోయిన ఇండ్లలో, ముఖ్యముగా బీదతల్లుల ఇండ్లలో, బిడ్డలను హింసించుటయు, ఆ బిడ్డలు పెరిగి పోలీసులకు చిక్కుటయు తక్కువగా నుండెను. తరువాత డెన్వరు నగరమున నర్సులతో పాటు, శిక్షణ పొందిన ఇతర స్త్రీలను కూడ పంపి పోల్చి చూడగా, నర్సులు పోయినచోటనే ఫలితము ఇంచుమించు రెట్టింపు. నేనిది ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. మనవంటి ఉత్సాహవంతులు నర్సుకు తోడుగా పోవచ్చును గాని, నర్సుకు మారుగా పోరాదు.

ఇంకొక హెచ్చరిక. కుటుంబమునకు బోధ యనగానే తప్పంతయు తల్లిమీద మోపుట మన సభలలో అలవాటు. శాస్త్రజ్ఞులును ఈ పొరపాటు చేసిరి. 1943లో లియో కానర్ ఆటిజము అను స్థితిని వర్ణించిన తరువాత, అది తల్లి ప్రేమరాహిత్యమువలన కలుగునని పండితులు చాలకాలము నమ్మిరి. ఎందరు తల్లులు ఆ నిందతో కుమిలిరో! 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు – అట్టి బిడ్డకు తండ్రియైనవాడు – అది పుట్టుకతో వచ్చు మెదడు సంబంధమైన స్థితి యని గ్రంథము వ్రాసి ఆ వాదమును కూల్చెను. సికిందరాబాదులో 1984లో స్థాపితమైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, పేరు మారినను, అట్టి బిడ్డల తల్లిదండ్రులకు నేటికిని శిక్షణ నిచ్చుచున్నది. సెలవులకు దేశము పోవువారు ఆ సంగతి గుర్తుంచుకొనవలెను.

అల్లరి యంతయు రోగము కాదు. రెండేండ్లవాడు నేలబడి ఏడ్చుట, మూడేండ్లవాడు ప్రతిదానికి 'వద్దు' అనుట ఎదుగుదలలో భాగములే. ఏడ్చినపుడెల్ల మిఠాయి ఇచ్చినచో ఏడ్పునకు కూలి ఇచ్చినట్లగును. నిమ్మళముగా నున్నపుడు ఒక మంచిమాట చెప్పినచో ఆ నిమ్మళమునకు కూలి ముట్టును. కాని వచ్చిన మాటలు పోయినను, పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకున్నను, ఇంటను బడిలోను ఒకే విధముగా నిలుకడ లేక మాసములు గడచినను, తనకు గాని ఇతరులకు గాని దెబ్బ తగులునట్లు ప్రవర్తించినను వేచియుండరాదు. ప్రభుత్వము 2013లో ఆరంభించిన బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టుక మొదలు 18 ఏండ్ల వరకు పిల్లలను అంగన్‌వాడీలలోను బడులలోను పరీక్షింతురు; ఎదుగుదలలోని జాప్యమును కూడ చూతురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, చదువు నేర్చుటలోని ప్రత్యేకవైకల్యమును తన పట్టికలో చేర్చినది. మన ఉద్యోగులలో చాలమందికి ఈ చట్టము సెలవుల నియమముల సందర్భమున తెలియును. బిడ్డల సందర్భమున తెలియదు.

2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో గుజరాతు కూడ చేరియున్నది. 13 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి 7 మందికి పైగా ఏదో యొక మానసికబాధ కలదని ఆ సర్వే తేల్చెను. ఆ లెక్క చదివినపుడు నాకొక సందేహము కలిగినది: వలస వచ్చినవారిని వారి భాషలో అడిగిరా, నా భాషలో అడిగిరా యని.

ఇపుడు ఆ నర్సు ప్రశ్నావళి మారినది. అనువాదము నాది కాదు; లింబాయత్‌లోని ఇద్దరు తల్లులు చెప్పగా నేను వ్రాసికొన్నది. మొదటి ప్రశ్న: "మీ పిలగాని ముచ్చట చెప్పమ్మా." దాని క్రింద అరపుట ఖాళీ. ఆమె గురువుగారు మొదట అంగీకరింపలేదట. ఖాళీకి మార్కులెట్లు వేయుదురని. పిదప అంగీకరించిరి.

సంఘమునకు నా మనవి స్వల్పము. ఆమెకు ఈ పని ఆరు మాసములు కొనసాగించి, తల్లులనే గాక బిడ్డలనుకూడ మరల చూడవలెనని కోరిక. తెలుగు తెలిసిన తోడు కావలెను. మనలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలవారు ఆరుగురు ముందుకు వచ్చినచో నెలకు రెండు ఆదివారములు చాలును. ఆడవారైనచో మరింత మేలు. నా తెలుగు అచట పనికిరాదని ఋజువైనది కనుక నేను బరువుకొలుచు యంత్రమును, సంచిని మోయుటకు వచ్చెదను. పేర్లు కోశాధికారిగారి యొద్ద వ్రాయింపగోరెదను. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు బయలుదేరుదుము. రాత్రి షిఫ్టువారు నిద్రించు వేళ యగుటచే మెట్లమీద చెప్పులు చేతబట్టుకొని నడువవలసియుండును.